కారు అమ్మారా? పేరు మారిందో లేదో చూసుకోండి

పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు చాలామంది పాత కారును డీలర్‌కే ఇచ్చేస్తుంటారు. తన లాభం తీసేసుకునే కదా ఆయన ధర చెప్పేది! నేరుగా అమ్మితే ఆ తేడా మనకే మిగులుతుంది. ముందు ఇద్దరు ముగ్గురు డీలర్లను రేటు అడగండి. అంతకు తగ్గి ఎవరికీ ఇవ్వొద్దు.

మంచి ధర తెచ్చేది కొత్త పెయింట్ కాదు, కాగితాలు. సర్వీసు బిల్లులు చూపండి, చలాన్లు కట్టేయండి. లోన్ తీరినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి ఆర్టీఏలో తీయించకపోతే కొనేవాళ్లు అక్కడే ధర తగ్గిస్తారు. బండికి ఎప్పుడైనా దెబ్బ తగిలుంటే ముందే చెప్పేయండి. ఎలాగూ మెకానిక్ పట్టేస్తాడు.

అసలు చిక్కు డబ్బు చేతికొచ్చాకే. తెలిసినవాళ్లే కదా అని ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి తాళం ఇచ్చేస్తాం. 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో కారు చాలా చేతులు మారింది. ప్రమాదం జరిగాక పరిహారం భారం మాత్రం ఆర్టీఏ రికార్డులో పేరున్న పాత ఓనర్ మీదే పడింది. అందుకే ఫారం 29, 30 పూర్తిగా నింపాకే సంతకం పెట్టండి. తేదీ, టైం వేసిన డెలివరీ కాగితం, కొన్నాయన ఆధార్ జిరాక్స్ తీసుకోండి. అమ్మిన 14 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలని చట్టంలో ఉంది. పేరు మారాక తిరిగిస్తామని చెప్పి ఐదు వేలో పది వేలో అదనంగా తీసి పెట్టుకుంటే పని తొందరగా అవుతుంది. కొనేది సొంత బావమరిదైనా సరే.