భూమిని పట్టుకున్న డాలెక్‌లు... ఇంతకీ ఎవరి సొత్తు?

థేమ్స్ నది ఒడ్డున ఒక హెచ్చరిక బోర్డు. నదిలో శవాలు పడేయకూడదని. చుట్టూ లండన్ మహానగరం. ఒక్క బండి చప్పుడు లేదు, ఒక్క మనిషీ కనిపించడు. ఎపిసోడ్ అయిపోవస్తుంది, ఊరికి ఏమైందో మాత్రం అర్థం కాదు. సరిగ్గా ఆఖరి క్షణంలో నీళ్లు చీల్చుకుంటూ నదిలోంచి ఒక లోహపు ఆకారం పైకి లేస్తుంది. అంతే, అయిపోయింది. మిగతాది వచ్చే శనివారమే.

1964 నవంబరు 21న బీబీసీలో మొదలైన ‘ది డాలెక్ ఇన్వేజన్ ఆఫ్ ఎర్త్’ అలా మొదలవుతుంది. ‘డాక్టర్ హూ’ సీరియల్‌లో ఇదో కథ. ఆరు ఎపిసోడ్‌లు, ఆరు శనివారాలు. క్రిస్మస్ మర్నాడు ముగిసింది. బ్రిటన్‌లో కోటి మందికి పైగా చూశారు.

ప్లేస్‌మెంట్ల సీజన్లో ఈ బ్లాక్ అండ్ వైట్ ఏలియన్ల గోల మనకెందుకు అంటారా? ‘మీ ప్రాజెక్టులో ఎదురైన పరిమితులేంటి? వాటిని ఎలా దాటారు?’ అని ఇంటర్వ్యూలో అడుగుతారు కదా. దానికి ఇంత చక్కటి జవాబులున్న ప్రాజెక్టు నాకింకోటి కనిపించలేదు. అదొక కారణం. అసలు కారణం డబ్బుకి సంబంధించింది, మీ ఆఫర్ లెటర్‌కి సంబంధించింది. దానికి వస్తాను. ముందు కాస్త కథ తెలియాలి.

చచ్చినవాళ్లను మళ్లీ లేపాలి

డాక్టర్ ఒక వింత ముసలాయన. కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే టార్డిస్ అనే యంత్రం ఆయన దగ్గరుంటుంది. వెంట మనవరాలు సూసన్, ఆమె స్కూల్లో సైన్స్ టీచర్ ఇయాన్, హిస్టరీ టీచర్ బార్బరా. వీళ్లు దిగింది లండన్‌లోనే, కానీ 22వ శతాబ్దంలో. అప్పటికి భూమి ఓడిపోయి ఏళ్లవుతోంది. ముందు ఉల్కలు పడ్డాయి, వాటి వెంట మహమ్మారి వచ్చింది, దేశాలు ఒకదానికొకటి తెగిపోయాయి. ఆ తర్వాతే డాలెక్‌లు దిగాయి. పట్టుబడ్డ మనుషుల తలలకు యంత్రాలు తగిలించి ‘రోబోమెన్’ అనే కాపలాదారులుగా మార్చేశాయి. మిగిలినవాళ్లతో బెడ్‌ఫర్డ్‌షైర్‌లో పెద్ద గని తవ్విస్తున్నాయి. ప్లాన్ ఏంటంటే, భూమి మధ్యభాగాన్ని తీసేసి అక్కడ ఇంజిన్ పెట్టి గ్రహాన్నే బండిలా నడుపుకుంటూ పోవాలని! ఫిజిక్స్ లెక్చరర్ వింటే పెన్ను విసిరేస్తారు. కానీ ఖాళీ లండన్‌ని చూసిన ఆనాటి పెద్దలకి ఇది వేళాకోళంగా అనిపించి ఉండదు. హిట్లర్ బాంబులు పడి అప్పటికి పాతికేళ్లు కూడా కాలేదు. డాలెక్‌ల మాటతీరు, చేతులెత్తే పద్ధతి ఎవరిని గుర్తు చేస్తాయో దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

చిక్కేంటంటే, అంతకు ఏడాది ముందు వచ్చిన తొలి కథలోనే డాలెక్‌లు అంతరించిపోయాయి. రచయిత టెర్రీ నేషన్ వాటిని ఒక్కసారికే అనుకుని రాశాడు. జనం ఎగబడ్డారు, మళ్లీ కావాలన్నారు. ఎలా తేవాలి? డాక్టర్ చేత ఒక్క మాట చెప్పించారు. మనం చూసిన చావు చాలా దూరపు భవిష్యత్తులోది, ఇది దానికంటే ముందు కాలం అని. అయిపోయింది. పాత కోడ్‌లో ఒక్క లైను కూడా చెరపకుండా కొత్త వెర్షన్ రిలీజ్ చేయడమంటే ఇదే.

అసలు తొలి కథే తెరకెక్కకుండా ఆగిపోయేది. ‘డాక్టర్ హూ’కి రూపమిచ్చిన బీబీసీ డ్రామా విభాగాధిపతి సిడ్నీ న్యూమన్, మిడిగుడ్ల రాక్షసులు ఉండకూడదని ముందే షరతు పెట్టాడు. నిర్మాత వెరిటీ లాంబర్ట్ ఈ స్క్రిప్ట్‌ వైపే నిలబడింది. ఇంకో స్క్రిప్ట్ సిద్ధంగా లేకపోవడమూ కలిసొచ్చింది. సీరియల్ అప్పగించేటప్పటికి ఆమె వయసు 27. అన్నట్టు, మొట్టమొదటి ‘డాక్టర్ హూ’ కథకి దర్శకుడు వారిస్ హుస్సేన్ లఖ్‌నవూలో పుట్టినవాడు. అప్పటికి 24 ఏళ్లు. ‘ఫ్రెషర్లకి బాధ్యత ఎవరిస్తారు’ అని నిట్టూర్చేవాళ్లు ఈ రెండు వయసులూ గుర్తుంచుకోండి.

రోడ్డెక్కిన ప్రోటోటైప్

డాలెక్‌కి రూపం ఇచ్చింది రేమండ్ క్యూసిక్. బీబీసీలో జీతానికి పనిచేసే డిజైనర్. స్క్రిప్ట్‌లో ఉన్నది కొద్దిపాటి వర్ణన: కాళ్లుండవు, గుండ్రటి అడుగు మీద కదులుతుంది, మనిషి పోలికే ఉండదు, కన్ను బదులు ఒక కడ్డీకి లెన్స్. బడ్జెట్ అంతంతమాత్రం. క్యూసిక్ మొదలుపెట్టింది రాక్షసుడి బొమ్మతో కాదు, కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మతో. లోపల నటుడు గంటల తరబడి ఉండాలి, నిలబడితే అలసిపోతాడు కాబట్టి కూర్చోవాలి. ఆ కూర్చున్న మనిషి చుట్టూ గీత గీస్తే వచ్చిందే ఆ ఆకారం. ఎలా కదలాలో చూపించడానికి భోజనాల బల్ల మీది మిరియాల డబ్బాని జరిపి చూపించాడు. చెయ్యి స్థానంలో తగిలించింది సింకు మూసుకుపోతే వాడే రబ్బరు ప్లంజర్. నవ్వొస్తుంది కానీ, ‘యూజర్‌తో మొదలుపెట్టండి’ అని డిజైన్ థింకింగ్ వర్క్‌షాపుల్లో చెప్పే మాటని ఆయన ఏ వర్క్‌షాపూ లేకుండా చేసి చూపించాడు.

తొలి కథలో డాలెక్‌లు స్టూడియో నున్నటి ఫ్లోర్ మీదే తిరిగాయి. కథలోనూ దానికి తగ్గ కారణమే రాశారు. లోహపు నేల నుంచి అందే స్టాటిక్ కరెంటుతో నడుస్తాయని, నేల దాటితే ఆగిపోతాయని. ఇప్పుడు అవే లండన్ వీధుల్లోకి రావాలి! 1964 ఆగస్టులో వెస్ట్‌మినిస్టర్ వంతెన, ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర జనసంచారం లేని పొద్దున వేళ షూటింగ్ పెట్టుకున్నారు. ఖాళీ నగరం కోసం సెట్లు వేసే డబ్బు లేదు, తెల్లవారుజాము మాత్రం ఉచితం. గరుకు రోడ్డు మీద చిన్న చక్రాలు పనిచేయవు. అందుకని పెద్ద చక్రాలు అమర్చి, అవి కనబడకుండా అడుగు భాగాన్ని ఎత్తు చేశారు. మరి కరెంటు సంగతి? వీపున ఒక గుండ్రటి డిష్ తగిలించారు, పవర్ గాల్లోంచి అందుతోందన్నట్టు. ఒకటి మెకానికల్ మార్పు, ఇంకోటి కథలో మార్పు. సమస్య ఒక్కటే కావచ్చు, సమాధానం రెండు చోట్ల ఇవ్వాల్సి వచ్చింది. మీ ప్రాజెక్ట్ రిపోర్టులో ఇలాంటిది ఒక్కటున్నా ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడొచ్చు.

ఈసీఈ వాళ్లకి ఇంకో ముచ్చట. డాలెక్‌ల ఆ గరగరలాడే గొంతు ఎక్కడిదో తెలుసా? రింగ్ మాడ్యులేటర్. కమ్యూనికేషన్స్ ల్యాబ్‌లో నాలుగు డయోడ్లు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లతో మనం రికార్డులో గీసి సంతకం పెట్టించుకునే అదే సర్క్యూట్. నటుడి గొంతుని దాదాపు 30 హెర్ట్జ్ తరంగంతో గుణిస్తారు. అసలు ఫ్రీక్వెన్సీలు పోయి, కూడినవీ తీసేసినవీ మిగులుతాయి. అందుకే అది మనిషి గొంతులా ఉంటూనే మనిషిది కాకుండా పోతుంది. ఇవాళ పైథాన్‌లో ఐదారు లైన్లు రాస్తే మీ గొంతూ డాలెక్ అయిపోతుంది. డీఎస్‌బీ-ఎస్‌సీ ఎక్కడ వాడతారని వైవాలో అడిగితే పాఠ్యపుస్తకం జవాబుతో పాటు ఇదీ చెప్పి చూడండి.

షూటింగ్‌లో ఇంకో దెబ్బ. డాక్టర్ వేషం వేసిన విలియం హార్ట్‌నెల్ మూడో ఎపిసోడ్ సమయంలో గాయపడి, నాలుగో ఎపిసోడ్‌కి రాలేకపోయాడు. వారానికొకటి చొప్పున తీస్తున్నారు కాబట్టి ఆపే వీలు లేదు. ఎడ్మండ్ వార్విక్ అనే నటుణ్ని వెనక నుంచి చూపించి డాక్టర్ స్పృహ తప్పాడనిపించారు. డైలాగులు మిగతావాళ్లకి పంచేశారు. ఎంత తెలివిగా సర్దారంటే, ముందే చెప్పకపోతే పట్టుకోవడం కష్టం.

కథలో నాకు బాగా నచ్చే చోటు మాత్రం బార్బరాది. డాలెక్‌ల కంట్రోల్ రూమ్‌లో పట్టుబడి, మైక్ దాకా చేరడానికి కాస్త సమయం కావాల్సొచ్చినప్పుడు, తిరుగుబాటు ప్లాన్ చెబుతానంటూ కథ అల్లుతుంది. బోస్టన్ టీ పార్టీ, జనరల్ లీ, హన్నిబాల్ సేనలు... మధ్యలో మన 1857 కూడా! బ్రిటిష్ పాఠ్యపుస్తకాల్లో ఉండే ‘మ్యూటినీ’ పేరుతోనే అనుకోండి. డాలెక్‌లకి చరిత్ర తెలియదు కాబట్టి నమ్మి వింటాయి. మీరు మాత్రం హెచ్‌ఆర్ దగ్గర ఈ పని చేయకండి. ప్యానెల్లో కూర్చున్నవాళ్లకి చరిత్ర తెలుసు.

వంద పౌండ్ల ఎక్స్‌గ్రేషియా

ఇప్పుడు అసలు సంగతి. ఈ సీరియల్ వచ్చేనాటికి బ్రిటన్‌లో డాలెక్ పిచ్చి పట్టింది. దుకాణాల నిండా బొమ్మలు. 1966లో ఇదే కథని రంగుల్లో సినిమాగా తీశారు. ఆ డబ్బులు ఎవరికి వెళ్లాయి?

టెర్రీ నేషన్‌కీ బీబీసీకీ. నేషన్ ఉద్యోగి కాదు, ఫ్రీలాన్సర్. కామెడీ స్క్రిప్టులు రాసుకునేవాడు. ఆయన ఏజెంట్ బెరిల్ వెర్ట్యూ ఒప్పందంలోనే బొమ్మలు, సరుకుల హక్కుల్లో ఆయన వాటా కాపాడింది. అప్పటికి డాలెక్ అంటే ఏంటో ఎవరికీ తెలియదు, దానికి విలువ ఉంటుందనీ తెలియదు. ఆ తర్వాత నేషన్ కెంట్‌లో పాతకాలపు పెద్ద భవంతి కొనుక్కున్నాడు.

మరి ఆ బొమ్మల ఆకారం గీసిన క్యూసిక్? ఉద్యోగి. పని చేసినందుకు జీతం వచ్చింది, లెక్క అక్కడితో సరి. చివరికి బీబీసీ ఇచ్చింది వంద పౌండ్ల ఎక్స్‌గ్రేషియా. మన పేపర్లలో ఆ మాట ఏ సందర్భాల్లో వస్తుందో మీకు తెలుసు. దాంతోపాటు ‘బ్లూ పీటర్’ అనే పిల్లల కార్యక్రమం వాళ్ల బంగారు బ్యాడ్జి ఒకటి. 2013లో ఆయన పోయేనాటికి డాలెక్ వయసు యాభైకి చేరువైంది.

ఇందులో బీబీసీ చట్టం తప్పిందేమీ లేదు. నాకు గుచ్చుకునేదే అది. మన దేశంలోనూ అంతే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి యజమాని మీరు కాదు, మీ కంపెనీ. వేరే ఒప్పందం ఉంటే తప్ప. మీరు రాసే ప్రోగ్రామ్ కూడా ఆ చట్టం దృష్టిలో సాహిత్య రచనే! అదే మీరు ఫ్రీలాన్స్‌గా కోడ్ రాసిస్తే, రాతపూర్వకంగా రాసిచ్చేదాకా హక్కు మీదే. సంతకం లేని బదలాయింపు చెల్లదు. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగానే లెక్క. ఇంకోటి, సెక్షన్ 57. హక్కులు అమ్మేసినా, ఇది నేను చేశాను అని చెప్పుకునే హక్కు రచయితకి మిగులుతుంది.

నా బ్లాగ్ చదివే జూనియర్లు తమ ఆఫర్ లెటర్లు పంపుతుంటారు. ప్రశ్నలు ఎప్పుడూ అవే. సీటీసీలో చేతికెంత? బాండ్ ఎన్నేళ్లు? నోటీస్ పీరియడ్ తొంభై రోజులా? ‘ఇంటెలెక్చువల్ ప్రాపర్టీ’ అన్న పేరా గురించి అడిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. చాలా లెటర్లలో ఆ పేరా ఆఫీసు పనితో ఆగదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం మీరు చేసే ప్రతిదీ, రాత్రి ఇంట్లో మీ సొంత ల్యాప్‌టాప్‌లో చేసే యాప్‌తో సహా, కంపెనీదే అన్నట్టు రాసి ఉంటుంది. చట్టం ఇచ్చేదాని కంటే అది పెద్ద కోరిక. సంతకం పెట్టాక అది మీ ఒప్పందం.

ఫ్రెషర్‌కి బేరమాడే శక్తి ఎంతుంటుందిలే అంటారు. నిజమే, క్లాజ్ మొత్తం మార్చమంటే మార్చరు. కానీ చేరకముందే చేసిన పనుల జాబితా ఇచ్చి, వీటికి ఇది వర్తించదని రాయించుకోవడం కష్టమైన కోరిక కాదు. కొన్ని ఫారాల్లో అందుకోసం ఖాళీ పట్టికే ఉంటుంది. ఫైనలియర్ ప్రాజెక్ట్, గిట్‌హబ్‌లో పెట్టినవి, ఫ్రెండ్‌తో కలిసి సగం కట్టిన స్టార్టప్... తేదీలతో సహా రాయండి. పట్టిక లేకపోతే హెచ్‌ఆర్‌కి మర్యాదగా నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. ఫోన్‌లో ‘పర్వాలేదు లెండి, ఫార్మాలిటీయే’ అంటే, ఆ మాటే మెయిల్లో రాసి పంపమనండి. హ్యాకథాన్‌ల నిబంధనలు కూడా ఓసారి తిరగేయండి. గెలిచినవాడి ఐడియా నిర్వాహకులదే అయ్యే షరతు కొన్నిచోట్ల ఉంటుంది. ఇంటర్న్‌షిప్ అయితే మరీ జాగ్రత్త. స్టైపెండ్ లేకపోయినా ఐపీ పేరా మాత్రం ఉంటుంది.

ఇక సీరియల్ సంగతి. ఆ కాలంలో బీబీసీ చెరిపేసిన టేపులు చాలా ఉన్నాయి కానీ, ఈ ఆరు ఎపిసోడ్‌లూ మిగిలాయి, డీవీడీగానూ వచ్చాయి. ఒక్కోటి పాతిక నిమిషాలు. చూస్తే డాలెక్‌లు వెనక్కి తిరిగినప్పుడు వీపు మీద ఆ డిష్‌ని, వంతెన దాటేటప్పుడు వాటి ఎత్తైన అడుగు భాగాన్ని గమనించండి.