ఈ నెల మాట: ఓవర్‌టర్న్



టీవీలో క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది. ఎల్బీడబ్ల్యూ అప్పీల్‌కు అంపైర్ వేలెత్తారు. బ్యాటర్ వెంటనే చేతులతో 'టి' గుర్తు చూపించి రివ్యూ కోరారు. రీప్లేలో బంతి లెగ్ స్టంప్‌ను తగలకుండా బయటికి పోతున్నట్టు తేలింది. 'డెసిషన్ ఓవర్‌టర్న్డ్' అన్నారు వ్యాఖ్యాత. మీ పిల్లలు ఈ మాట చాలాసార్లు వినే ఉంటారు. అయితే సొంత వాక్యంలో రాయమంటే మాత్రం తడబడేవారున్నారు.

ఓవర్‌టర్న్‌కు మొదటి అర్థం బోల్తా కొట్టడం, తలకిందులు కావడం. లారీ బోల్తా పడినా, పడవ తిరగబడినా ఈ క్రియే వాడతారు. దాని నుంచే రెండో అర్థం వచ్చింది: ఒకరు తీసుకున్న నిర్ణయాన్ని, అధికారం ఉన్న మరొకరు మార్చేయడం. మైదానంలో థర్డ్ అంపైర్ చేసేది అదే. హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు మార్చినా అదే మాట. నిర్ణయం మారకుండా నిలిస్తే 'అప్‌హెల్డ్' అంటారు.

ఇక్కడ మన పత్రికల తెలుగుతో ఒక చిక్కుంది. 'తీర్పు కొట్టివేత' అంటే కింది కోర్టు తీర్పు పోయినట్టు, అంటే ఓవర్‌టర్న్ అయినట్టు. 'అప్పీలు కొట్టివేత' అంటే ఆ తీర్పే నిలిచినట్టు. కొట్టివేత రెండు చోట్లా ఉన్నా ఫలితం మాత్రం పూర్తిగా తిరగబడింది. అందుకే వార్త చదివేటప్పుడు 'దేన్ని కొట్టేశారు?' అని పిల్లల్ని అడగండి.

దగ్గరి మాటలు కొన్ని:

విత్‌డ్రా, రివోక్: ఇచ్చినవారే వెనక్కి తీసుకోవడం. తెలుగులో ఉపసంహరణ. ఇచ్చిన లైసెన్సును, అనుమతిని రద్దు చేయడానికి రివోక్ ఎక్కువగా వాడతారు.

రిపీల్: చట్టసభ ఒక చట్టాన్ని రద్దు చేయడం. 2020లో చేసిన మూడు సాగు చట్టాలను పార్లమెంటు 2021 నవంబరులో రిపీల్ చేసింది.

ఓవర్‌రూల్: కోర్టు తన పాత తీర్పులోని సూత్రం తప్పని చెప్పడం. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, ఏడీఎం జబల్‌పూర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ప్రభుత్వం వైపు తీర్పు చెప్పారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆ నలుగురిలో వై.వి. చంద్రచూడ్ ఒకరు. 2017లో గోప్యత హక్కు కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఓవర్‌రూల్ చేసింది. అది తప్పు తీర్పని రాసిన న్యాయమూర్తి ఆయన కుమారుడు డి.వై. చంద్రచూడ్.

ఒక జాగ్రత్త. ఓవర్‌టర్న్ ఒకే పదం. మాటలు అటూ ఇటూ మార్చి 'టర్న్ ఓవర్' అని రాస్తే పేజీ తిప్పమని అర్థం వస్తుంది. ప్రశ్నపత్రం అడుగున ఉండే పీటీవోలో ఉన్నది అదే.

ఇక మన ఇంటి సంగతి. పరీక్షలయ్యే దాకా ఫోన్ వద్దని నాన్న అంటారు. పిల్లలు నేరుగా అమ్మమ్మ దగ్గరికి వెళ్తారు. 'పోనీలే, ఓ గంట చూసుకోనీ' అంటుంది అమ్మమ్మ. నాన్న నిర్ణయం ఓవర్‌టర్న్ అయింది! ఇలా రెండు మూడుసార్లు జరిగితే, ఏ నిర్ణయానికైనా పైన మరో అంపైర్ ఉన్నారని పిల్లలకు అర్థమైపోతుంది.

అదే నాన్న సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టుకుని, 'ప్రాజెక్టుకు ఫోన్ కావాలని నాకు తెలీదు. పొద్దున నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను' అంటే అది విత్‌డ్రా. మాట తప్పినట్టు అవుతుందని మనలో చాలామంది ఇందుకు జంకుతాం. కారణం చెప్పి మాట మార్చుకోవడం వేరు, చెప్పకుండా తప్పించుకోవడం వేరు. ఆ తేడా పిల్లలు మన దగ్గరే నేర్చుకుంటారు.

ఈ వారం ఇంట్లో చేసి చూడండి: దినపత్రికలో ఒక నిర్ణయం మారిన వార్త వెతికి, 'ఎవరి నిర్ణయం? ఎవరు మార్చారు? ఎందుకు?' అని పిల్లల్ని అడగండి. జవాబులు దొరికితే ఏ క్రియ వాడాలో వాళ్లే చెప్పేస్తారు.

– ఇంగ్లిష్ విభాగం