విశ్వాసం ముందు, విధేయత వెంట

ఉయ్యూరు పరిసరాల్లో క్రైస్తవ బోధ వ్యాపించడంలో కెనడియన్ బాప్తిస్టు మిషన్‌కు ముఖ్యమైన పాత్ర ఉంది. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన ఈ మిషన్ విశ్వాసం, విధేయత, నీతి అనే మూడింటి మధ్య ఉన్న వరుసను పండితుల వాదాల్లో కాక నీళ్లలోనే చూపింది. బాప్తిస్మం తీసుకునేవారు నడుములోతు నీటిలో నిలబడి, తమ విశ్వాసాన్ని అందరూ వినేలా ఒప్పుకున్న తర్వాతే పాదిరి వారిని పూర్తిగా ముంచి లేపుతాడు. విశ్వాసం ఎవరికి వారుగా ఉంచవలసినది కాబట్టి బాప్తిస్టులు పసిబిడ్డలకు ఈ సంస్కారం చేయరు. ముంచడం రక్షణను తెచ్చిపెట్టదని, అప్పటికే రక్షణ పొందినవారు చూపే తొలి విధేయత మాత్రమేనని వారి సిద్ధాంతం.

తెలుగు పాఠకులను తికమకపెట్టేది ‘నీతి’ అనే మాట. వాడుకలో అది సత్ప్రవర్తన. తెలుగు బైబిలులో మాత్రం ప్రధానంగా దేవుని ఎదుట నిర్దోషిగా నిలిచే స్థితి. ఆ స్థితి క్రియలవల్ల కాక విశ్వాసంవల్ల కలుగుతుందని పౌలు రోమీయులకు రాయగా, క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు హెచ్చరించాడు. పౌలు వేరును, యాకోబు పండును చూస్తున్నారనుకుంటే వైరుధ్యం చాలావరకు తొలగిపోతుంది.

విశ్వాసం వెంట వచ్చే ఈ విధేయత తలవంచడం ఒక్కటే కాదు. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్తిస్టు సంఘాల్లో చేరిన మాదిగలు ఆదివారం వెట్టికి వెళ్లడానికి, జాతరల్లో డప్పు కొట్టడానికి నిరాకరించి, ఊరి పెద్దల ఆగ్రహాన్ని భరించారు. దేవునికి లోబడినందువల్లే వారు మనుషులకు లోబడలేదు.