రెండు చిరునామాల పేచీ

కంప్యూటరు ల్యాబుల్లో తరచు వినబడే ఫిర్యాదు ఒకటుంది: "నెట్టు బాగానే వస్తోంది సార్, ఆ సైటు ఒక్కటే తెరుచుకోవడం లేదు." దీనికి కారణాలు చాలా ఉండవచ్చు. వాటిలో పైకి కనబడకుండా ఏడిపించేది ఒకటుంది. అది పాత చిరునామాలకూ, కొత్త చిరునామాలకూ మధ్య వచ్చే పేచీ. దాన్ని గురించి నాకు తెలిసినంత వివరిస్తాను.

ఇంటర్నెట్టులో యంత్రాలు ఒకదాన్నొకటి గుర్తు పట్టేది అంకెల చిరునామాతో. 1981లో స్థిరపడిన ఐ.పి. నాలుగో వెర్షనులో చిరునామాకు 32 బిట్లు. అంటే మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. ఆనాడు అది తరగని గాదె అనుకున్నారు. 2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిల్వలోని ఆఖరి కట్టలు కూడా పంచేశారు. ఈ కరువు రాబోతోందని ముందే గ్రహించి 1990లలోనే ఆరో వెర్షను తయారుచేశారు. ఇందులో చిరునామాకు 128 బిట్లు. మొత్తం ఎన్నో రాయాలంటే 39 అంకెలు కావాలి! (మరి ఐదో వెర్షను ఏమైందంటారా? ఆ అంకెను అంతకుముందే వేరే ప్రయోగానికి వాడేశారు.)

చిక్కేమిటంటే, ఈ రెండూ నేరుగా మాట్లాడుకోలేవు. అందుచేత చాలాచోట్ల రెండూ పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి. మనం సైటు పేరు కొట్టగానే బ్రౌజరు ఆ పేరుకు గల పాత చిరునామా, కొత్త చిరునామా రెండూ అడిగి తెచ్చుకుంటుంది. సాధారణంగా కొత్తదానికే మొదటి తాంబూలం. మరి కొత్త దారి మూసుకుపోయి ఉంటే? పూర్వం కొన్ని యంత్రాలు ఇరవై సెకన్లకు పైగా ఎదురుచూసి, అప్పుడుగాని పాత దారి పట్టేవి కావు. ఈపాటికి మనం విసుగెత్తి లేచిపోతాం గదా!

దీనికి విరుగుడుగా 2012లో 'హ్యాపీ ఐబాల్స్' అనే పద్ధతి ప్రకటించారు; 2017లో సవరించారు. సూత్రం తేలికే. బ్రౌజరు ముందు కొత్త తలుపు తడుతుంది. పావు సెకను, అంటే 250 మిల్లీసెకన్లలో పలకకపోతే పాత తలుపు కూడా తడుతుంది. ఏది ముందు తెరుచుకుంటే అందులోకే పోతుంది. చూసేవాడికి ఆలస్యమే తెలియదు.

బాగానే ఉంది గాని, ఇందులో ఒక లొసుగుంది. బ్రౌజరు చూసేది తలుపు తెరుచుకుందా లేదా అన్నంతవరకే. లోపలి నుంచి సామాను బయటికి వస్తుందో రాదో చూడదు.

మా ల్యాబులో జరిగింది సరిగ్గా అదే. స్కాలర్‌షిప్పు దరఖాస్తులకు ఆఖరి రోజు. ఆ సైటు ఫోన్లలో వస్తోంది, ల్యాబులో రాదు. తెల్లటి పేజీ, తిరుగుతున్న చక్రం, అంతే. సర్టిఫికెట్లు చేతబట్టుకుని పిల్లలు బారులు తీరారు. ఆ డబ్బు రాకపోతే మెస్సు బిల్లు కట్టలేనివాళ్లు వాళ్లలో కొందరు.

ముందు పని గడవాలి. ఫైర్‌ఫాక్స్‌లో 'ఎబౌట్ కాన్ఫిగ్' అని కొడితే వచ్చే పట్టీలో ఆరో వెర్షనును ఆపే మీట ఒకటుంది. నాలుగు యంత్రాల్లో అది నొక్కాము. పేజీ వెంటనే వచ్చింది. సాయంత్రానికి దరఖాస్తులన్నీ వెళ్లాయి.

తరువాత కారణం వెతికాము. 'కర్ల్' అనే ఆజ్ఞకు 4 తోక తగిలిస్తే పాత దారినే, 6 తగిలిస్తే కొత్త దారినే పోతుంది. 4తో పేజీ వచ్చింది. 6తో కనెక్షను కుదిరింది, పేజీ మాత్రం రాలేదు. చిన్న ప్యాకెట్లు వస్తున్నాయి, పెద్దవి రావడం లేదన్నమాట. మా లైను మోయగలిగింది 1492 బైట్లు. ఆ సర్వరు పంపేవి 1500. పాత వెర్షనులో పెద్ద ప్యాకెట్టును దారిలోని రౌటరు ముక్కలు చేయడానికి వీలుంది. కొత్తదానిలో వీల్లేదు. రౌటరు దాన్ని పారేసి, "మరీ పెద్దది, తగ్గించి పంపు" అని పంపినవాడికి కబురు చేస్తుంది. భద్రత పేరుతో ఆ కబురును కూడా అడ్డగిస్తే పంపినవాడికి సంగతే తెలియదు. అదే ప్యాకెట్టును మళ్లీమళ్లీ పంపుతూనే ఉంటాడు!

రుజువు కోసం ఒక యంత్రంలో ప్యాకెట్టు పరిమాణాన్ని 1280 బైట్లకు దించాము. ఆరో వెర్షను ఏ లైనైనా మోసి తీరవలసిన కనీస బరువది. కొత్త దారిలోనే పేజీ చక్కగా వచ్చింది. పాత దారికి మా రౌటరులో పరిమాణం తగ్గించే అమరిక ముందే ఉంది. కొత్త దారికి లేదు. అదీ పెట్టాము. కబురును అడ్డగించవద్దని సైటువారికీ రాశాము.

"ఇంత తంటా ఎందుకు, ఆరో వెర్షను శాశ్వతంగా ఆపేస్తే పోలా?" అన్నారు కొందరు. పోదు. కొత్తగా ఎదిగే నెట్‌వర్కులకు పాత చిరునామాలు దొరకడమే కష్టం. మన దేశంలో మొబైల్ నెట్‌వర్కులు ఇప్పటికే చాలావరకు కొత్త దారిన నడుస్తున్నాయి. మీట నొక్కి ఊరుకుంటే మన బాధ తీరుతుందేమో గాని, పక్క ఊరి కళాశాలలో మరో పిల్లవాడు అదే తెల్ల పేజీ ముందు కూర్చుంటాడు.

కనుక విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. సైటు రాకపోతే "సర్వర్ డౌన్" అని తేల్చేయకండి. 4తో ఒకసారి, 6తో ఒకసారి చూడండి. ఏ దారి, ఎంతవరకు వచ్చి ఆగిందో ల్యాబు పుస్తకంలో తేదీ వేసి రాయండి. బాగుచేసేవాడికి కావలసింది ఆ రెండు వాక్యాలే.