వెయ్యి రూపాయల వెబ్‌సైటు: అది ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

దాతలైన పెద్దలు ఈ మధ్య నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతున్నారు. “మాస్టారూ, ఇదివరకు కుట్టు మిషన్లు ఇప్పించేవాళ్లం. ఇప్పుడు పిల్లలు వచ్చి, వెబ్‌సైటు పెట్టుకుంటాం, సాయం చేయండి అంటున్నారు. అందులో నిజంగా డబ్బు వస్తుందా? మేమిచ్చేది వృథా కాదు కదా?” అని. ప్రశ్న సబబైనదే. నేను కంప్యూటరు ఇంజినీరును కాను, బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన పద్ధతిలో, లెక్క వేసి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఒక అనుభవం. మా బడిలో పదో తరగతి చదివిన ఒకమ్మాయి మగ్గం పని నేర్చుకుంది. ఆరీ సూదితో జర్దోసీ, పూసల పని చక్కగా చేస్తుంది. గిరాకీ మాత్రం తమ వీధి దాటలేదు. ఆ సమయంలో “వెబ్‌సైటు పెట్టండి, ఇంట్లో కూర్చుని నెలకు ముప్పై వేలు సంపాదించండి” అన్న ప్రకటన చూసి, ఒక శిక్షణ సంస్థకు 15,000 రూపాయలు కట్టింది. వాళ్ల అమ్మీ గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అది. అక్కడ నేర్పిందల్లా ఎవరెవరో రాసిన వ్యాసాలు తెచ్చి అతికించి, పక్కన ప్రకటనలు పెట్టడం. ఆరు నెలలు గడిచినా ఒక్క రూపాయి రాలేదు. “సార్, నేను చెప్పినట్టే చేశాను. తప్పెక్కడ జరిగింది?” అని నా దగ్గరికి వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆమె, నేను కలిసి నేర్చుకున్న విషయాలే ఈ వ్యాసం.

డబ్బు వచ్చే మూడు దారులు

వెబ్‌సైటు అంటే ఇంటర్నెట్‌లో మనకంటూ ఒక చిరునామా, ఆ చిరునామాలో కొన్ని పేజీలు. అంతే. అది దానంతట అది డబ్బు ఇవ్వదు. దాని ద్వారా డబ్బు రావడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది ప్రకటనలు. గూగుల్ సంస్థ 2003లో మొదలుపెట్టిన యాడ్‌సెన్స్ ఇందులో అందరికీ తెలిసినది. మన పేజీలో వాళ్లు ప్రకటనలు చూపి, వచ్చిన దానిలో మనకు వాటా ఇస్తారు. చేరడానికి రుసుము లేదు. 2018 నుంచి తెలుగు పేజీలకూ ఈ సదుపాయం ఉంది. మనకు సమ్మతం కాని కొన్ని రకాల ప్రకటనలు రాకుండా ఆపుకునే అమరిక కూడా ఉంది. అయితే షరతులు గట్టివి. ఖాతాదారుకు 18 ఏళ్లు నిండాలి. రాత సొంతదై ఉండాలి. మన పేజీలోని ప్రకటనను మనమే నొక్కినా, బంధువులతో నొక్కించినా ఖాతా రద్దవుతుంది. ఖాతాలో 100 డాలర్లు జమ అయ్యేదాకా డబ్బు చేతికి రాదు.

రెండోది కమీషను. అమెజాన్ వంటి సంస్థలు అమ్మే వస్తువు గురించి మనం రాస్తాం. మన పేజీ నుంచి వెళ్లి ఎవరైనా కొంటే, ధరలో కొద్ది శాతం మనకిస్తారు. అలా కమీషను వస్తుందని చదువరికి ముందే స్పష్టంగా చెప్పాలి.

మూడోది మన సొంత పనిని, మన సరుకును అమ్ముకోవడం. ఇక్కడ వెబ్‌సైటు సంపాదించదు, మన చేతులే సంపాదిస్తాయి. వెబ్‌సైటు గిరాకీని తెచ్చిపెడుతుంది.

బోర్డు మీద ఒక లెక్క

ఈ మూడింటిలో ఏది మేలు? బోర్డు మీద పిల్లలకు చెప్పినట్టే లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకు అనుకున్నవే.

ప్రకటనల ద్వారా వెయ్యి సార్లు పేజీ చూస్తే అర డాలరు వస్తుందనుకుందాం. 100 డాలర్లు కావాలంటే పేజీని 2 లక్షల సార్లు చూడాలి. మన డబ్బులో అది ఎనిమిది వేల రూపాయల పైమాటే. కొత్తగా పెట్టిన వెబ్‌సైటును రోజుకు వంద సార్లు చూశారనుకున్నా, 2 లక్షలు పూర్తి కావడానికి 2,000 రోజులు, అంటే అయిదేళ్లకు పైగా పడుతుంది.

ఇప్పుడు మగ్గం పని. ఒక బ్లౌజుకు 2,000 రూపాయలు తీసుకుంటే, పూసలు, దారాలు, ఇతర సామగ్రికి 600 పోగా 1,400 మిగులుతుంది. ఆరు బ్లౌజులకు 8,400 రూపాయలు.

అంటే 2 లక్షల చూపులు ఒక పక్క, ఆరుగురు గిరాకీదారులు ఒక పక్క. రెండూ దాదాపు సమానం. ఆ అమ్మాయికి ఈ లెక్క చూపించినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆరుగురు చాలా సార్?” అని మాత్రం అడిగింది. శిక్షణ సంస్థ ఆమెను 2 లక్షల మంది కోసం పరుగెత్తించింది. ఆమెకు కావలసింది ఆరుగురు.

ప్రకటనలతో బాగా సంపాదించేవాళ్లు లేరని కాదు. ఏళ్ల తరబడి వందల పేజీలు సొంతంగా రాసినవాళ్లకు ఆ దారి పనికొస్తుంది. నేడో రేపో ఇల్లు గడవాల్సిన వాళ్లకు అది దారి కాదు.

ఖర్చు ఎంత?

వెబ్‌సైటుకు రెండు వస్తువులు కావాలి. ఒకటి పేరు, దీన్ని డొమైన్ అంటారు. రెండోది పేజీలు దాచుకునే చోటు, అది హోస్టింగ్. పేరుకు ఏడాదికి సుమారు 600 నుంచి 1,200 రూపాయలు అవుతుంది. మొదటి ఏడాది చవకగా ఇచ్చి, రెండో ఏడాది ధర పెంచడం ఈ వ్యాపారంలో మామూలే. కనుక కొనేటప్పుడే రెండో ఏడాది ధర ఎంతో చూడాలి.

చోటుకు డబ్బు పెట్టనవసరం లేదు. నాలుగైదు పేజీల చిన్న సైటుకు గూగుల్ సైట్స్ ఉచితంగా సరిపోతుంది. వ్యాసాలు రాయాలనుకునేవాళ్లకు బ్లాగర్ ఉంది, అదీ ఉచితమే. రెండింటికీ మన సొంత పేరు తగిలించుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేరు కూడా ఉచితమే కానీ, దాన్ని సొంతంగా నడపాలంటే హోస్టింగ్ అద్దె కట్టాలి. మొదట్లో అది అవసరం లేదు.

ఆ అమ్మాయి విషయంలో పేరుకు దాదాపు వెయ్యి, ఫొటోల వెనక పరచడానికి ఒక తెల్ల గుడ్డ, విజిటింగ్ కార్డులు, కొరియరు కవర్లు అన్నీ కలిపి మూడు వేలు దాటలేదు. ఫోను ఆమెకు ముందే ఉంది. ఫొటోలు ఉదయం పూట కిటికీ పక్కన తీసింది.

పేజీలో ఏముండాలి?

కొనేవాళ్లు మనసులో ఏం అడుగుతారో వాటికి జవాబులుండాలి. ఏం పని చేస్తారు, ఎంత అవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది, కొలతలు ఎలా పంపాలి, ఎంత అడ్వాన్సు ఇవ్వాలి, కుదరకపోతే సరిచేస్తారా? ఇవి రాసి, తాను స్వయంగా చేసిన పని ఫొటోలు ఒక డజను పెడితే చాలు. ఇంకొకరి ఫొటో ఒక్కటి కూడా పెట్టకూడదు. ఫొటోల సైజు తగ్గించి పెట్టాలి, లేకపోతే పేజీ తెరుచుకునేలోపే చూసేవాళ్లు వెళ్లిపోతారు. పేజీ పేరులోనే ఊరి పేరు, పని పేరు ఉండాలి. ఎందుకంటే జనం వెతికేది “మా ఊళ్లో మగ్గం వర్క్ ఎవరు చేస్తారు” అనే కదా.

దీనికి తోడు మరో రెండు ఉచిత సాధనాలున్నాయి. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో వస్తువుల జాబితా ధరలతో సహా పెట్టుకోవచ్చు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో నమోదు చేసుకుంటే గూగుల్ మ్యాపుల్లో వెతికేవాళ్లకు కనిపిస్తాం. ఇంటి నుంచి పని చేసే ఆడపిల్లలు తమ చిరునామా కనపడకుండా, తాము సేవలందించే ప్రాంతాన్ని మాత్రమే చూపే వీలుంది. ఈ సంగతి తెలియక చాలామంది తల్లిదండ్రులు భయపడి వద్దంటున్నారు.

డబ్బు తీసుకోవడానికి యూపీఐ ఉంది. చిన్న వ్యాపారికి మామూలు యూపీఐ చెల్లింపుపై కోత ఉండదు. వెబ్‌సైటులోనే కార్డు చెల్లింపులు తీసుకునే గేట్‌వేలు సుమారు 2 శాతం తీసుకుంటాయి. మొదట్లో వాటి అవసరం రాదు.

మోసపోకుండా ఉండాలంటే

ఇది నేనూ దెబ్బతిన్న విషయం. కొన్నేళ్ల క్రితం మా పూర్వ విద్యార్థుల కోసం ఒక వెబ్‌సైటు చేయించాను. తయారు చేసినతను డొమైన్ తన పేరు మీదే కొన్నాడు. ఫోను నంబరు మార్చేశాడు. గడువు తీరింది, పేరు పోయింది, మేం పోగుచేసిన ఫొటోలూ దానితోపాటే పోయాయి. డొమైన్ ఎప్పుడూ మన ఈమెయిలుతో, మన పేరు మీదే కొనాలి. గడువు తేదీని గోడ క్యాలెండరులో రాసుకోవాలి.

యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు. “అడ్వాన్సు పంపుతున్నాను, పిన్ కొట్టండి” అని ఎవరన్నా అంటే అది మోసమే. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ నమోదు ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. దానికి డబ్బులడిగే దళారులను నమ్మవద్దు. సేవల రూపంలో చేసే పనికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సాధారణంగా ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. వస్తువులను వేరే రాష్ట్రాలకు అమ్మేటప్పుడు మాత్రం నిబంధనలు వేరు. ముందుగా ఆడిటరును అడగాలి.

ఏడాది చివర లెక్క

మొదటి రెండు నెలలు ఆ సైటు చూసి ఒక్క ఫోనూ రాలేదు. మూడో నెలలో పక్క మండలం నుంచి ఒక పెళ్లివారు అడిగారు. ఏడాది తిరిగేసరికి ఆమె నోటుపుస్తకంలో 31 బ్లౌజులున్నాయి. వాటిలో వెబ్‌సైటు చూసి వచ్చినవి 11. మిగతావి ఎప్పటిలాగే తెలిసినవాళ్లు చెప్పగా వచ్చినవి. 11 బ్లౌజులకు మిగిలింది 15,400 రూపాయలు. అంటే శిక్షణ సంస్థకు కట్టిన ఫీజు తిరిగి చేతికి రావడానికి ఏడాది పట్టింది. గాజులు ఇంటికి వచ్చాయి. ఇది పెద్ద సంపాదన అని నేను చెప్పను. కానీ రెండో ఏడాదికి ఆమె పెట్టాల్సిన ఖర్చు, డొమైన్ రుసుము మాత్రమే.

దాతలకు మనవి

సాయం అడగడానికి వచ్చినవాళ్లను ముందుగా ఒకే ప్రశ్న అడగండి: “నీ చేతిలో ఏ పని ఉంది? దాన్ని ఇప్పటికే డబ్బిచ్చి చేయించుకున్నవాళ్లు ఎవరు?” జవాబు ఉంటే వెబ్‌సైటు పనికొస్తుంది. లేకపోతే ముందు పని నేర్పించండి, కుట్టు మిషనే ఇప్పించండి. వేల రూపాయల శిక్షణ ఫీజులు కట్టకండి. రెండేళ్ల డొమైన్ రుసుము కట్టండి. కంప్యూటరు తెలిసిన మన కుర్రాళ్లలో ఒకరిని నాలుగు ఆదివారాలు పక్కన కూర్చోబెట్టండి. ఆర్నెల్లకోసారి నోటుపుస్తకం చూడండి. మొదటి మూడు నెలల్లో ఏమీ రాలేదని నిరాశపరచకండి.

చివరిగా మరొక్క మాట. ఆమె సైటు చూసి మొదట ఫోను చేసిన తెలిసినవాళ్లలో కొందరు “మనవాళ్లమే కదా” అని సగం ధరకు అడిగారు. దయచేసి అలా అడగకండి. మీ ఇంట్లో పెళ్లికి పని ఇవ్వండి, పేజీలో రాసిన ధర పూర్తిగా ఇవ్వండి, పని నచ్చితే మరో నలుగురికి చెప్పండి. ఆ అమ్మాయి లెక్కలో ఆరుగురు చాలు. ఆ ఆరుగురిలో ఒకరు మీరు కావచ్చు.