మత్తెక్కనీయని మణి

నవరత్నాల పట్టికలో చోటు దక్కని ఒక రాయిని గురించి నేడు ముచ్చటించదలచినాము. మగ్గిన నేరేడుపండు రసం గడ్డకట్టి గాజువలె మెరిస్తే ఎట్లుంటుందో, దాని రంగు అట్లుంటుంది. ఇంగ్లీషువారు అమెథిస్టు అంటారు. నేరేడును జామున్ అనే ఉత్తరాదివారు దీనిని జమునియా అంటారు. తెలుగులో అందరూ ఎరిగిన పేరు లేదు కాబట్టి ఊదారాయి అని పిలుచుకొందాము. నీలం కొనలేనివారు శనిప్రీతికై దీనిని ధరించవచ్చునని జ్యోతిష్కులు చెప్పడం కద్దు. కనుక మా శ్రోతలలో కొందరి వేళ్ళకు ఇది ఉండనే ఉంటుంది.

పదార్థరీత్యా ఇది స్ఫటికమే. పుట్టుకలో కొద్దిపాటి ఇనుము కలిసి, ఆపై చుట్టుపక్కల శిలలనుండి వెలువడే రేడియోధార్మిక కిరణాలు యుగాల తరబడి సోకగా ఊదావన్నె తేలుతుంది.

పేరు గ్రీకులు పెట్టినది. వారి భాషలో 'మెథు' అంటే మద్యం. మన 'మధు' శబ్దానికి అది తోబుట్టువు. ముందున్న 'అ' అజ్ఞానం, అధర్మం అన్న మాటలలోని 'అ' వంటిదే. మత్తెక్కనీయనిది అని అర్థం. ఈ రాయి దగ్గరుంటే ఎంత త్రాగినా మైకం కమ్మదని నమ్మినారు. క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బ్రద్దలైనపుడు మరణించిన రోమను పండితుడు ప్లినీ ఆనాడే దీనిని కొట్టిపారవేసినాడు. రంగు ద్రాక్షసారాయి దాకా వచ్చి ఆగిపోవడంచేత ఆ పేరు వచ్చి ఉంటుందన్న వివరణ కూడ ఆయన ఇచ్చినాడు. రాతిపై సూర్యచంద్రుల పేర్లు చెక్కి, కోతివెంట్రుకలతోను పిచ్చుకజాతి పక్షి ఈకలతోను మెడలో కట్టుకొంటే చేతబడి తగలదన్న మాంత్రికుల మాటను ఎత్తిచెప్పి, వీరికి మనుషులంటే ఎంత చులకనో అని ఎద్దేవా చేసినాడు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది. మద్యాధిదేవత బాకస్ తరుముకొని రాగా అమెథిస్టు అనే కన్య డయానా దేవిని శరణు వేడినదనీ, ఆమె కన్యను తెల్లని శిలగా మార్చినదనీ, పశ్చాత్తాపంతో బాకస్ ద్రాక్షసారాయి పోయగా శిల ఊదారంగు తాల్చినదనీ ఒక కథ ఉన్నది. దీనిని ప్రాచీన గ్రీకు పురాణగాథగా మేమే ఒకప్పుడు చెప్పినాము. కాని ఇది రెమీ బెల్లో అనే ఫ్రెంచి కవి కల్పించి 1576లో ప్రకటించిన కావ్యంలోనిది. గ్రీకులు దీనిని ఎరుగరు.

యూదుల ప్రధాన యాజకుని వక్షఃపతకంలో పొదిగిన పన్నెండు రత్నాలలో ఊదారాయి కూడ ఉన్నదని బైబిలు చెప్పుతుంది. క్రైస్తవ బిషప్పుల ఉంగరాలలో ఇది చిరకాలంగా వెలుగుతున్నది. మద్యపు మత్తును వారిస్తుందన్న మాటయే కాలక్రమాన మనస్సుకు నిగ్రహమిస్తుందన్న భావనగా మారినది. ఆ అర్థం మాకు ఇంపైనదే.

మన దేశంతో ముడిపడిన కథ వేరొకటి. లండను నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 'ఢిల్లీ ఊదానీలం' అనే మణి ఉన్నది. పేరు నీలమేగాని అది మన ఊదారాయే. దానితో ఒక ఉత్తరం దొరికినది. 1857 తిరుగుబాటునాడు కాన్పూరులోని ఇంద్రాలయంనుండి దోచినదనీ, తీసుకొనిపోయిన ఫెరిస్ అనే సైనికాధికారి కుటుంబం ఆస్తి, ఆరోగ్యం రెండూ పోగొట్టుకొన్నదనీ అందులో ఉన్నది. 1890లో అది ఎడ్వర్డ్ హెరాన్-ఆలెన్ అనే విద్వాంసునికి చేరినది. ఆయనను కష్టాలు చుట్టుముట్టినవట. దానిని పుచ్చుకొన్న ఒక గాయని గొంతు పోయినదట. విసిగి లండను కాలువలో విసిరివేస్తే, మూడునెలలకు పూడిక తీసేవారికి దొరికి మరల ఆయన ఇంటికే వచ్చినదట! ఆయన 1943లో మరణించగా, మరుసటి ఏడు కుమార్తె దానిని మ్యూజియానికి ఇచ్చివేసినది.

హెరాన్-ఆలెన్ మారుపేరుతో కథలు వ్రాసేవాడు. 1921లో ఈ మణి పేరుతోనే ఒక కథ వెలువరించినాడు. ఆ కథను నమ్మించడానికే ఉత్తరాన్ని కూడ కల్పించినాడని పలువురి అనుమానం. మాకూ ఒక సందేహం: ఇంద్రునికి గుడి కట్టి నిత్యపూజ చేయడం మన దేశంలో అరుదు గదా! శాపం కల్పితమే కావచ్చును; కాని తిరుగుబాటు అణచిన దినాలలో ఉత్తరాదిన జరిగిన దోపిడి కల్పితం కాదు. దోచిన సొత్తు ఇంట ఉన్నదన్న భయం ఏ ఇంటిలోనో నిజముగానే ఉండి ఉంటుంది.

ఒకప్పుడు యూరపులో ఈ రాయి వజ్రం, కెంపు, పచ్చ, నీలాల సరసన నిలిచినది. పందొమ్మిదవ శతాబ్దిలో బ్రెజిలు, ఉరుగ్వే దేశాల నల్లరాతి పొరలలో రాశులుగా బయటపడగానే వెల పడిపోయినది. మన దక్కను నల్లరాతి పొరలలోను ఇది దొరుకుతుంది. 1970 తరువాత కర్మాగారాలలో చేసినవి కూడ బజారులోకి వచ్చినవి. వాటిని గుర్తుపట్టడం కంటితో అయ్యే పని కాదు, పరీక్షాలయానికి పంపవలసినదే. కాబట్టి దీనికి నీలపు ధర అడిగే వర్తకునితో బేరం సాగించవలసిన పనిలేదు.

ఉంగరం ఇప్పటికే ఉన్నవారికి ఒక్క మాట. గట్టి సెగ తగిలితే ఈ రాయి పసుపుపచ్చగా మారుతుంది. అంగళ్ళలో సిట్రిన్ అని అమ్మే పసుపురాళ్ళలో అనేకం ఇట్లు కాల్చినవే. కొన్ని రాళ్ళు దీర్ఘకాలం ఎండకు వెలిసిపోతవి కూడ. ఆభరణానికి మెరుగు పెట్టించేటపుడు రాయిని ముందుగా ఊడదీయించండి.