ఆధివ్యాధులు – కణశక్తి

మనసుకు కలిగే వ్యథను ‘ఆధి’ అనీ, శరీరానికి కలిగే పీడను ‘వ్యాధి’ అనీ పూర్వులు వేరువేరుగా పేర్కొన్నారు. అయినా వాడుకలో ఆ రెండింటినీ విడదీయక ‘ఆధివ్యాధులు’ అని జంటగానే ప్రయోగించారు. మనోవ్యథ దేహాన్ని కృశింపజేస్తుందనీ, దేహం నీరసిస్తే మనసు కుంగుతుందనీ వారు అనుభవంతో గ్రహించారు. ఈ సంబంధం ఏ మార్గాన ఏర్పడుతున్నదో ఆధునిక జీవశాస్త్రం కణస్థాయిలో అన్వేషిస్తున్నది. ఆ అన్వేషణలో ముఖ్యస్థానం పొందినవి మైటోకాండ్రియాలు.

ఎర్రరక్తకణాలు తప్ప మన దేహంలోని దాదాపు అన్ని కణాలలోనూ మైటోకాండ్రియాలు ఉంటాయి. దారాల వలె, రేణువుల వలె కనిపించే వీటికి 1898లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బెండా ఆ అర్థాలుగల గ్రీకు పదాలను కలిపి ఈ పేరు పెట్టాడు. ఆహారంలోని పోషకాలనూ, గాలిలోని ప్రాణవాయువునూ వినియోగించుకొని ఇవి ఎ.టి.పి. అనే అణువును తయారుచేస్తాయి. కణం చేసే ప్రతి పనికీ అదే శక్తినిచ్చే ద్రవ్యం. అందుచేతనే వీటిని ‘కణశక్త్యాగారాలు’ అంటారు. ఎ.టి.పి.ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొన్నారు. ఈ సుబ్బారావు భీమవరంలో జన్మించిన తెలుగువాడు.

మెదడు బరువు దేహం బరువులో సుమారు 2 శాతం మాత్రమే. కాని విశ్రాంతిగా ఉన్నప్పుడు దేహం ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతం దానికే కావాలి. శక్తిని ఎక్కువగా నిలువచేసుకొనే ఏర్పాటు మెదడుకు లేదు. ఎప్పటి శక్తి అప్పుడే అందాలి. ఆ సరఫరా కుంటుపడితే ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ఉత్సాహం సన్నగిల్లుతాయి.

ఒత్తిడి ఎదురైనప్పుడు అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. ఆ హార్మోను కొలెస్ట్రాల్ నుండి తయారవుతుంది. ఆ తయారీలో మొదటి దశా, చివరి దశా జరిగేది మైటోకాండ్రియాలలోనే. అంటే అవి ఒత్తిడి ఫలితాన్ని అనుభవించేవి మాత్రమే కావు, దానికి ప్రతిస్పందించే ప్రక్రియలో భాగస్వాములు కూడా. కార్టిసాల్ రక్తంలో చక్కెరను పెంచి, ఆపదను ఎదుర్కొనే శక్తిని సమకూరుస్తుంది. కొద్దిసేపు ఉండే ఒత్తిడికి ఇది మేలే. ఒత్తిడి నెలల తరబడి కొనసాగితే మాత్రం మైటోకాండ్రియాలపై భారం పెరిగి, వాటి పనితీరు దెబ్బతినే అవకాశం ఉంది.

2018లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో ఆటిజం గల పిల్లలను సాకుతున్న తల్లులను పరిశీలించారు. ఇతర తల్లులతో పోల్చినప్పుడు వీరి తెల్లరక్తకణాలలో మైటోకాండ్రియాల పనితీరు తక్కువగా కనిపించింది. అయితే అంతకుముందు రోజులలో ఉల్లాసంగా ఉన్నామని తెలిపిన వారిలో ఆ పనితీరు మెరుగుగా ఉన్నది. మనఃస్థితికీ కణశక్తికీ సంబంధం ఉన్నదని ఇది సూచిస్తున్నది. అంతమాత్రాన మానసిక వ్యాధులన్నింటికీ మైటోకాండ్రియాలే మూలమనడం సమంజసం కాదు. కుటుంబం, సమాజం, వంశపారంపర్యం వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి.

ఈ శక్త్యాగారాలను వృద్ధిచేసుకొనే ఉపాయం కూడా ఉన్నది. క్రమబద్ధంగా పరుగెత్తించిన ఎలుకల కండరాలలో మైటోకాండ్రియాలు పెరుగుతాయని 1967లో జాన్ హాలోజీ నిరూపించాడు. వ్యాయామం మనుషులలోనూ ఇదే ఫలితాన్నిస్తుందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. చాలినంత నిద్ర, వేళకు భోజనం కూడా దేహానికి అవసరమే. పరీక్షలు సమీపించగానే ఆట మాని, నిద్ర మాని పుస్తకం ముందు కూర్చున్న విద్యార్థి కాలాన్ని ఆదా చేస్తున్నాననుకుంటాడు. నిజానికి చదివినదాన్ని నిలుపుకోవలసిన మెదడునే అలసటకు గురిచేస్తున్నాడు.

అలసిన మనసును సోమరితనమని నిందించడం తగదు. జ్వరం వస్తే వైద్యుని ఆశ్రయించడానికి ఎవరూ సిగ్గుపడరు. దిగులు వీడనప్పుడు కూడా తల్లిదండ్రులకో, అధ్యాపకులకో, వైద్యునికో చెప్పుకోవాలి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి ఉచితంగా సలహా పొందవచ్చు. వ్యాధికి చికిత్స ఉన్నట్లే ఆధికీ చికిత్స ఉన్నదని ప్రతి విద్యార్థీ గ్రహించాలి.